సుందరం ఊపిరి

మెట్టుగూడలో గిటారు నేర్పే ఎబెనెజర్ మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు తీగల గురించో వేళ్ళ గురించో అడిగితే అప్పటికప్పుడు వాయించి చూపించేవారు. పాట గురించి అడిగితే మాత్రం తనకు తెలిసిన ఎవరో ఒక మనిషి సంగతి చెప్పేవారు. అది జవాబో కాదో తేల్చుకోవడం అడిగినవాళ్ళ పని.

ఆయన శిష్యురాలు కెజియాకు ఒక సంస్మరణ సభలో పాడే అవకాశం వచ్చింది. కొన్నేళ్ళ కిందట పోయిన ఒక పెద్ద గాయని పాటలవి. రికార్డులు విని విని, ఆ గాయని ఏ అక్షరం నొక్కేదో, ఎక్కడ ఆమె గొంతు జీరబోయేదో అంతా కెజియా పట్టుకుంది. ఒక సాయంత్రం పాఠం అయ్యాక అడిగింది.

"మాస్టారూ, ఎంత అచ్చంగా ఆవిడలా పాడితే ఆవిడను అంత గౌరవించినట్టే కదండీ?"

మాస్టారు గిటారు పక్కన పెట్టి, తన స్నేహితుడు జయశీల్ సంగతి చెప్పారు.

జయశీల్ జాజ్ గాయకుడు. గిటారు వాయిస్తూ తనే పాడేవాడు. సొంత పాటలు కొన్ని ఉన్నా అతని మనసంతా ఆల్బర్ట్ సుందరం పాటల మీదే ఉండేది. సుందరం ఒకప్పుడు సికింద్రాబాద్ హోటళ్ళలో, క్లబ్బుల్లో జాజ్ బాణీలకు తెలుగు మాటలు కూర్చుకుని పాడినవాడు. ఏనాడూ గొంతు పెంచేవాడు కాదు. మైకు మీదికి వంగి, ఎదురుగా ఉన్న ఒక్క మనిషికే చెప్పుకుంటున్నట్టు పాడేవాడు. నడివయసులోనే పోయాడు. అతని చివరి రికార్డులో, రైలెక్కుతున్న ప్రియుడు సెలవు తీసుకునే పాట ఒకటుంది. దాని ఆఖరి మాట 'వెళ్ళొస్తా'. ఆ మాటకు ముందు సుందరం ఆగుతాడు. వాయిద్యాలూ ఆగిపోతాయి. సన్నగా ఒక ఊపిరి లోపలికి వెళుతుంది, మధ్యలో తెగుతుంది, మళ్ళీ వెళుతుంది. అప్పుడు వస్తుంది ఆ మాట. విన్నవాళ్ళు అక్కడే కళ్ళు తుడుచుకునేవారు. ప్రేమ అంటే అదీ అనేవారు.

జయశీల్ ఏళ్ళ తరబడి కష్టపడి ఆ ఊపిరి సాధించాడు. ఛాతీ ఎక్కడ బిగపట్టాలో, ఊపిరి ఎక్కడ తెంపాలో, అన్నీ నేర్చాడు. అతను సుందరం పాటల కచేరీలు మొదలుపెట్టాక, జనం ఆ ఒక్క క్షణం కోసమే వచ్చేవారంటే అతిశయోక్తి కాదు.

సుందరం భార్య రోజ్‌లీనమ్మ లాలాగూడలో ఉంటోందని అతనికి తర్వాతెప్పుడో తెలిసింది. పూలూ పళ్ళూ పట్టుకుని వెళ్ళి, కచేరీకి రమ్మని పిలిచాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఆయన పాటలు నేను వినను బాబూ. ఇంట్లో రికార్డులు కూడా ఉంచుకోలేదు."

"మీరు వింటేనే నేను పాడినట్టమ్మా," అని బతిమాలాడు జయశీల్. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అడిగాడు. చివరికి ఆమె మెత్తబడింది.

ఆ రోజు ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. హాలు నిండిపోయింది. మొదట్లో వచ్చిన హుషారు పాటలకు ఆమె వేళ్ళతో తాళం వేసింది కూడా. అది చూసి జయశీల్‌కు ఎక్కడలేని బలం వచ్చింది. ఆఖరున ఆ పాట ఎత్తుకున్నాడు. ఎన్నడూ పాడనంత బాగా పాడాడు. ఆ చోటు రాగానే వాయిద్యాలు ఆగిపోయాయి. ఊపిరి లోపలికి వెళ్ళింది, తెగింది.

రోజ్‌లీనమ్మ లేచి నిలబడింది.

"నీళ్ళు! ఎవరైనా నీళ్ళివ్వండయ్యా! ఆయనకు ఊపిరాడటం లేదు!"

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. పక్కనున్నావిడ "కూర్చోండమ్మా" అంటూ చెయ్యి పట్టుకుని లాగింది. జయశీల్ ఆమెను చూశాడు, ఆమె మాటా విన్నాడు. తెగిన ఊపిరిని మళ్ళీ అందుకుని, నెమ్మదిగా, ఎంతో అందంగా 'వెళ్ళొస్తా' అన్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య ఆమె చెవులు మూసుకుని కుర్చీలో ముడుచుకుపోయింది.

తర్వాత జయశీల్ ఆమె దగ్గరికి వెళ్ళి, నేల మీద కూర్చున్నాడు.

"తప్పు పాడానా అమ్మా?"

"తప్పేం లేదు. అచ్చం ఆయనే," అంది ఆమె. తర్వాత సంగతంతా తనే చెప్పింది. అప్పటికే సుందరం ఊపిరితిత్తులు పాడైపోయాయి. పాడితే బతకడని డాక్టరు చెప్పాడు. అయినా ఒప్పుకున్న రికార్డు పూర్తి చేస్తానని వెళ్ళాడు. ఆ పాట చివర నిజంగానే ఊపిరాడక ఆగిపోయాడు. మళ్ళీ పాడతానన్నా రికార్డు తీసేవాళ్ళు ఒప్పుకోలేదు, ఇలాగే బాగుంది ఉంచేద్దామన్నారు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు.

"నేను స్టూడియో గాజు తలుపుకి ఇవతల నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను బాబూ. రికార్డింగు నడుస్తోందని ఎర్ర దీపం వెలుగుతోంది, నన్ను లోపలికి వెళ్ళనివ్వలేదు. ఇవాళ ఇక్కడ ఏ తలుపూ మూసి లేదు కదా!"

ఆ రాత్రే జయశీల్, ఇక మీదట అక్కడ ఆగకూడదని నిశ్చయించుకున్నాడు. కానీ తర్వాతి కచేరీలో ఆ చోటు రాగానే ఛాతీ దానంతట అదే బిగుసుకుంది. ఊపిరి తెగింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంట్లో ఒంటరిగా పాడి చూసుకున్నాడు, అక్కడా అంతే. ఆ పాటే వదిలేస్తే, దానికోసమే వచ్చాం కదా అని జనం కేకలు వేశారు. మెల్లగా కచేరీలకు పిలవడం మానేశారు.

రోజ్‌లీనమ్మ చనిపోయినప్పుడు జయశీల్ వెళ్ళాడు. సమాధి దగ్గర బంధువులు ఆ పాటే పాడమన్నారు. కాదనలేకపోయాడు. పాడుతూ పాడుతూ ఆ చోటికి వచ్చాడు. ఊపిరి ఆగింది. ఈసారి ఆ తర్వాతి మాట రాలేదు. గిటారు తీగల మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. పెట్టెను గోతిలోకి దించేశారు. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ, సుందరాన్ని మించిపోయాడయ్యా అన్నారు. ఆ తర్వాత అతను మళ్ళీ పాడలేదు.

మాస్టారు ఇక్కడితో ఆపారు. కెజియా అడిగింది.

"ఆవిడ నీళ్ళడగడం జయశీల్ గారికి వినబడింది కదండీ. పాట ఆపెయ్యొచ్చు కదా మాస్టారూ?"

"ఆపొచ్చు," అన్నారాయన. "కానీ ఆ రోజు పాట చాలా బాగా కుదిరిందమ్మా."