అరచేతులమ్మ దిబ్బ మీది దీపం

సముద్రపు ఒడ్డున సరుగుడు తోపు దాటాక, ఎత్తైన ఇసుకదిబ్బ మీద వెలసిన అరచేతులమ్మను దర్శించుకునే భక్తులు మొదట కాస్త తికమక పడతారు. ఇక్కడ గోపురం లేదు, ముఖమున్న విగ్రహమూ లేదు. నల్లరాతి అరచేతులు రెండు, వాటి మధ్య ఒక మూకుడు దీపం, అంతే. మంచు దిగిన రాత్రి ఆ దీపం చుట్టూ ఎర్రని అంచుతో ఒక వెలుగు వలయం ఏర్పడుతుంది. చంద్రుడి చుట్టూ కనబడితే వరదగుడి అంటాం కదా, అలాంటిదే. గాలిలోని నీటి తుంపరల వల్ల అలా కనిపిస్తుందని చదువుకున్నవారు చెబుతారు. కాదని మేమూ అనము. ఈ తీరాన చెప్పుకునే కథ మాత్రం వేరు.

పూర్వం ఇక్కడ తెప్పల మీద చేపల వేటకు వెళ్లేవారి పాలెం ఒకటి ఉండేది. ఒడ్డుకు కాస్త దూరంలో నీటి అడుగున రాళ్లున్నాయి. దిబ్బ మీది దీపాన్ని గురి చూసుకుని వస్తే తెప్ప క్షేమంగా ఒడ్డెక్కుతుంది, లేకపోతే ముక్కలే. ఆ దీపం పెట్టే బాధ్యత దానయ్య ఇంటిది. అతని భార్య కొర్లమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచి రోజూ పొద్దుగూకగానే సొరచేప నూనె పోసి దీపం వెలిగించేది. ఆ కంపు ఒంటికి పట్టేసిందని తోటి ఆడవాళ్లు ఆటపట్టిస్తే, "ఈ కంపుకే మీ మొగుళ్లు దారి ఎతుక్కుని ఒత్తన్నారే!" అని నవ్వేది.

ఆ దీపానికి ఒక కట్టుబాటు ఉండేది. ముత్తయిదువే దాన్ని ముట్టాలి. దానయ్య ఇంట చావు జరిగితే మైల తీరేదాకా ఎవరూ వెలిగించకూడదు. అలాంటి రోజుల్లో పాలెమంతా వేట మానుకునేది గనుక ఎన్నడూ ఇబ్బంది రాలేదు.

మంచు కాలంలో ఒకనాడు ముసలివాళ్లు తప్ప మగవాళ్లందరూ వేటలో ఉండగా, దానయ్య తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వెంట అతని తెడ్డూ వచ్చింది. చేయి జారకుండా దాని పిడికి తాను చుట్టి ఇచ్చిన తాడును చూసి కొర్లమ్మ కుప్పకూలింది. చీకటి పడకముందే ఆడవాళ్లు ఆమె గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపారు. శవమైనా దొరకలేదు, అంత తొందర ఎందుకని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు!

పొద్దుగూకింది. అంత దుఃఖంలోనూ కొర్లమ్మకు దీపం వేళ గుర్తొచ్చింది. నూనె ముంత తీసుకుని దిబ్బ ఎక్కింది. కులపెద్ద ఎర్రన్న కాగడా పట్టుకుని ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"ముట్టుకోకు! ఆ సేత్తో దీపం ముట్టుకుంటే గంగమ్మ ఊరుకోదు."

"నా మొగుడు పోతే పోనాడు మావా. మిగిలినోళ్లు సంద్రంలోనే ఉన్నారు. నీ కొడుకూ ఉన్నాడు. మంచు ఎలా కమ్మేసిందో సూడు."

ఎర్రన్న ఒకసారి సముద్రం వైపు చూశాడు. అయినా దారి వదలలేదు. కన్నకొడుకు కోసం కట్టుబాటు తప్పాడని పాలెం వేలెత్తి చూపుతుందని అతని భయం. కొర్లమ్మ బతిమాలింది, కాళ్లు పట్టుకుంది. చివరికి ముంత ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడింది.

కాసేపటికి మంచులోంచి కేకలు వినిపించాయి. "దీపం! దీపమేదిరా!" ఆ వెంటనే రాళ్లకు కొట్టుకుని దుంగలు విరిగిన చప్పుడు. కొర్లమ్మ ఇక ఆగలేదు. ఎర్రన్నను తోసేసి, అతని చేతిలోని కాగడా లాక్కుని, నూనె పోసి వత్తి ముట్టించింది. నేల మీంచి వీచే గాలికి మంట నిలవడం లేదు. రెండు అరచేతులూ దగ్గరగా అడ్డుపెట్టింది. చర్మం కాలింది, బొబ్బలు లేచి పగిలాయి. ఆమె చేతులు తీయలేదు.

ముందొచ్చిన తెప్పలు రాళ్లకు బలయ్యాయి, చివరి తెప్ప ఒక్కటే ఒడ్డెక్కింది. "మాకు దీపం అవుపళ్లేదు. మంచులో గుండ్రంగా, ఎర్రంచుతో ఎలుగు అవుపడింది. దాన్ని సూసే వచ్చినాం" అన్నారు అందులోని వాళ్లు. వారిలో ఒకడు కొర్లమ్మ వైపు తిరిగాడు. "వదినా, దానయ్య మాకంటే ముందొచ్చిన తెప్పలో ఉన్నాడు. పొద్దున అతని తెప్ప ఇడిపోతే ఎర్రన్న కొడుకే సెయ్యందించి ఎక్కించుకున్నాడు. ఇంకా రాలేదా?"

తెల్లవారాక ఒడ్డుకు చేరిన శవాల్లో దానయ్యదీ, ఎర్రన్న కొడుకుదీ ఒకేచోట దొరికాయి. అప్పటినుంచి కొర్లమ్మ దీపం దగ్గరే కూర్చుండిపోయింది. ఒకనాటి వేకువన చూస్తే ఆమె లేదు. ఇసుకలోంచి లేచిన రాతి అరచేతులు మాత్రం ఉన్నాయి. ఆ రాత్రి ఎర్రన్నకు ఆమె కలలో కనబడింది. "మంచు పడ్డ రాత్రి ఎవరెక్కడ దీపం పెట్టినా నా సేతులు దాని సుట్టూ ఉంటాయి. ఇక్కడి దీపం మాత్రం మొగుడు పోయిన ఆడదే ఎలిగించాలి. ఆ రోజు నువ్వన్న మాటని నీ నోటితోనే తిప్పి సెప్పాలి" అని ఆనతిచ్చింది.

దూరం వెళ్లినవారి కోసం ఇక్కడ నూనె సమర్పిస్తే వారు క్షేమంగా ఇల్లు చేరతారని భక్తుల విశ్వాసం. ఈ కథ తెలిసినవారు వీధిదీపం చుట్టూ వలయం కనబడినా చేతులు జోడిస్తారు. సాయంత్రపు దీపారాధనకు వచ్చేవారు నిశ్శబ్దం పాటించవలసిందిగా మనవి. ఆ వేళ ఎర్రన్న వంశంలోని పెద్ద నూనె ముంతతో దిబ్బ ఎక్కుతాడు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఒకరు అక్కడ నిలబడి ఉంటారు. ఆమె ముందు తల వంచి, "ముట్టుకో తల్లీ" అని అతను అనాలి. ఒక్కోసారి ఆ మాట గొంతు దాటడానికి చాలాసేపు పడుతుంది. అది వినబడేదాకా ఆమె చేయి చాపదు, దిబ్బ మీద దీపం వెలగదు.