గడ్డికి ఇచ్చిన చేను

పంతొమ్మిది వందల ఎనభై అయిదు, ఎండాకాలం. అనగనగా అనేంత పాతదేం కాదు తల్లీ, అయినా ఊఁ కొట్టు.

మన సీమలోనే ఒక ఊళ్ళో మాళమ్మ అని గొర్రెలు మేపే ఆమె ఉండేది. బావి కింద ఆమెకో నల్లరేగడి చేను. ఏటా జొన్న ఏపుగా పండేది.

ఊరి వెనక కొండవాలేమో ఓబన్న అనే రైతుది. దాన్నిండా నడుమెత్తు గడ్డి. మాళమ్మ గొర్రెలకీ ఊరి పశువులకీ అదే మేత. అయినా అందరూ దాన్ని బీడు అనేవాళ్ళు. ఒకరోజు ఓబన్న, "ఉత్త బీడు, దున్ని చెనక్కాయ వేస్తా" అన్నాడు.

అప్పుడు మాళమ్మ వెళ్ళి, "దున్నొద్దన్నా" అంది.

"గొర్రెల వెంట తిరిగి తిరిగి నీకూ గొర్రె బుద్ధే వచ్చింది" అని నవ్వాడు ఓబన్న.

ఆ తర్వాత మాళమ్మ ఒక గడ్డి దుబ్బు పెకలించి తెచ్చి చూపించింది. పైనున్న గడ్డి కంటే కిందున్న వేళ్ళే పొడుగు. వాటికి అంటిన మన్ను అంత ఎండలోనూ చల్లగా ఉంది. ఓబన్న చూడనైనా చూడలేదు.

మూడోసారి వెళ్ళి, "నా రేగడి చేను తీసుకో, కొండవాలు నాకియ్యి" అంది.

ఓబన్న నోరు తెరిచాడు. "రేపు మాట మార్చవు కదా?"

"నేను మార్చను. నువ్వు మారిస్తే మాత్రం మందని నీ నట్టింట్లోకి తోలతా."

పండే చేను ఇచ్చేసిందని మాళమ్మ కొడుకు అలిగి ఆ పూట అన్నం ముట్టలేదు. కొత్త కోడలు గుడ్లప్పగించి చూసింది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ ఎండలు ముదిరాయి. వానలు మొహం చాటేశాయి. కొండ మీద గడ్డి పైకి ఎండినా వేరు బతికే ఉంది. అప్పుడొకనాడు ఒక్కసారిగా కుండపోత వాన. పక్కూరివాళ్ళు దున్నిన కొండ ఎర్రగా కరిగి వాగులో పోయింది. మాళమ్మ కొండ మాత్రం వాననంతా తాగింది. ఊరి బావిలో నీళ్ళు పైకొచ్చాయి.

భూమి వేడెక్కుతోందని మీ బడిలో చెప్పారు కదూ? గాలిలో పేరుకున్న పొగని గడ్డి పీల్చుకుని, వేళ్ళతో మన్నులో దాచేస్తుందట. నాగలి పెడితే ఆ దాచిందంతా మళ్ళీ గాలిలోకే. మాళమ్మకి ఇదంతా తెలీదు. మన్ను చల్లగా ఉందని మాత్రం తెలుసు.

ఆ వానకి కొండ పచ్చబడ్డాక, ఇంకెక్కడా మేత దొరక్క ఓబన్న ఎద్దుల్ని తోలుకుని వచ్చాడు. "మాళమ్మా, కాస్త మేత..."

"బీడు మేస్తాయా నీ ఎద్దులు?"

"బీడు కాదులే తల్లీ, పచ్చిక" అన్నాడు ఓబన్న తల గోక్కుంటూ.

ఆ ఏడు పక్కూరివాళ్ళు కూడా తమ కొండని దున్నకుండా వదిలేశారు. ఇప్పుడు రెండు కొండలూ పచ్చగానే ఉన్నాయి. పొద్దున చూపిస్తాలే.

అలిగిన కొడుకు మీ తాత. గుడ్లప్పగించిన కోడల్ని నేనే. ఆ చేను మళ్ళీ మన చేతికి రాలేదు. మనింట్లో జొన్నలు ఇప్పటికీ అంగట్లో కొన్నవే.

కథ పోయె కంచికి, మంద పోయె దొడ్డికి,
గడ్డి మిగిలె కొండకి, చేను పోయె గడ్డికి.