కొత్త బ్రేకు పట్టు

సుగుణాంబ గారికి వాదించే అలవాటు లేదు. మదనపల్లెలో తన ఇంటి వసారాలో వారానికోసారి గీత చెప్పేవారు. ఎవరైనా సందేహం అడిగితే శ్లోకం పక్కన పెట్టి, తనకు తెలిసినవాళ్ళకు జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. అర్థం ఎవరికి వాళ్ళు వెతుక్కోవలసిందే.

ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక శేషాద్రి మాత్రం కూర్చుండిపోయాడు. అతను కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు. బయటివాళ్ళ పిల్లల దగ్గర ఎంతో ఓపిక. సొంత కూతురు మైథిలికి లెక్క రాకపోతే మాత్రం ఒళ్ళు తెలియని కోపం. ఇకమీదట ఆ పిల్ల మీద అరవనని కిందటి రోజు ఉదయమే దేవుడి ముందు దీపం పెట్టి ప్రమాణం చేశాడు. సాయంత్రానికే అరిచాడు. పిల్ల పుస్తకం మూసి లేచిపోయింది.

"ఒక్క పూట నిలవని ప్రమాణం అదేం ప్రమాణమమ్మా?" అన్నాడు. "నా మనసులో నిజం లేదనే కదా అర్థం? ఇలా అబద్ధపు ఒట్లు పెట్టుకునేకంటే, నా స్వభావం ఇంతేనని ఒప్పుకోవడం మేలు కాదా?"

ఆవిడ, "మా తమ్ముడు దక్షిణామూర్తి బండి చూశావా నువ్వు?" అని అడిగారు.

చూశానన్నాడు శేషాద్రి. ఆవిడ చెప్పుకొచ్చారు. దక్షిణామూర్తి టమోటా నారు పెంచి అమ్మేవాడు. యాభై దాటాక సరదాపడి పెద్ద క్రూయిజర్ మోటార్‌సైకిల్ కొన్నాడు. పొడుగాటి బండి, దున్నపోతంత బరువు. ఎక్కేవాడు కూడా ఏమంత తేలిక మనిషి కాదు. వెనక భార్య కుముదిని. హార్స్‌లీ కొండ మీద గాలి ఆవిడకు ప్రాణం. వీలైనప్పుడల్లా ఇద్దరూ వెళ్ళొచ్చేవాళ్ళు. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడే బండి చెప్పినమాట వినేది కాదు. బ్రేకు నొక్కితే వేగం తగ్గుతుంది గాని, ఆగవలసిన చోట ఆగదు.

మెకానిక్ జిలానీ అంతా విప్పి చూశాడు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మంచి రకం బ్రేకు ప్యాడ్లు వేశాడు. ఉబ్బిపోయిన పాత రబ్బరు గొట్టం తీసి ఉక్కు అల్లిక ఉన్న గొట్టం బిగించాడు. పాత బ్రేకు ఆయిలు వంచేసి కొత్తది పోశాడు. "సార్, వీటికి ఇంకా పట్టు రాలేదు. కొన్నాళ్ళు చదును రోడ్డు మీద తిప్పండి. అప్పుడే కొండకు పోవద్దు" అని మరీ మరీ చెప్పాడు. దక్షిణామూర్తి విన్నాడు. కానీ బ్రేకులు మార్పించిందే కొండ కోసమాయె. ఆ మధ్యాహ్నమే భార్యను ఎక్కించుకుని బయలుదేరాడు.

దిగి వస్తున్నారు. ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా జీపు ఆగి ఉంది. ఒకాయన రోడ్డు వైపు వీపు పెట్టి గొంతుక్కూర్చుని పంక్చరైన చక్రం విప్పుతున్నాడు. దక్షిణామూర్తి బ్రేకు నొక్కాడు. తడి సబ్బును పట్టుకున్నట్టయింది. పెడల్ మీద మొత్తం బరువు వేశాడు. బండి జారుతూనే ఉంది. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ. గేరు తగ్గించి, కేకపెడుతూ కొండ వైపు మట్టిలోకి తిప్పేశాడు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో బండి ఆగింది. కూర్చున్నాయన చెయ్యి చాస్తే ముందు చక్రం తగిలేంత దూరం.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన స్పానరు కింద పెట్టాడు. తర్వాత లేచి, జీపులోంచి నీళ్ళ సీసా తెచ్చి ముందు కుముదినికి ఇచ్చాడు. ఆవిడ తాగబోతే సగం నీళ్ళు చీర మీదే పడ్డాయి. "మీరందరూ చల్లగా ఉండాలి" అని మాత్రం అనగలిగింది.

మర్నాడు దక్షిణామూర్తి జిలానీ షెడ్డు ముందు బండి నిలబెట్టి గట్టిగా అరిచాడు. "పీకి పారెయ్ జిలానీ! ఇవి బ్రేకులా? పాతవే వెయ్. వాటి సంగతి కనీసం నాకు తెలుసు!"

జిలానీ చక్రం తిప్పి చూశాడు. "వస్తువు మంచిదే సార్. కొత్తది గదా, చక్రం డిస్కుతో ఇంకా కలవలేదు. రెండూ ఒకదానికొకటి కొంచెం అరగాల."

దక్షిణామూర్తి వినేలా లేడు. అప్పుడు వెంట వచ్చిన కుముదిని హెల్మెట్ తగిలించుకుని వెనక సీటెక్కింది.

"నువ్వెందుకు? నిన్న జరిగింది చాలదా?" అన్నాడాయన.

"నిన్న భయపడింది నేనే కదండీ. బాగైతే ముందు తెలియాల్సింది నాకే" అందావిడ.

ఊరి బయట ఖాళీ రోడ్డు మీద జిలానీ చెప్పినట్టే చేశారు. కాస్త వేగం అందుకోవడం, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగించడం, పూర్తిగా ఆగకుండానే వదిలేసి గాలికి చల్లారనివ్వడం, మళ్ళీ మొదలు. మొదట్లో అదే జారుడు. తర్వాత కాలిన వాసన వేసింది. చింతచెట్టు నీడన ఆపి, వేరుశనక్కాయలు తిని మళ్ళీ ఎక్కారు. దక్షిణామూర్తి విసుగుపడి ఇక చాలన్నాడు. ఆవిడ మాత్రం దిగలేదు. చివరికి ఒకసారి ఆయన బిగించగానే ఆవిడ హెల్మెట్ వెళ్ళి ఆయన వీపుకు ఠపీమని కొట్టుకుంది.

"పడింది! ఏమండీ, బ్రేకు పడింది!" అని ఆవిడ చిన్నపిల్లలా నవ్వేసింది.

ఆ తర్వాతి వారం కొండ దిగుతుంటే గొర్రెల మంద అడ్డం వచ్చింది. బండి మారుమాట లేకుండా ఆగింది. గొర్రెలన్నీ దాటిపోయినా దక్షిణామూర్తి కదల్లేదట. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడని కుముదినే వచ్చి చెప్పింది.

సుగుణాంబ గారు అక్కడికి ఆపారు. తర్వాత శేషాద్రిని అడిగారు.

"ఈ ఉదయం అమ్మాయి నీతో మాట్లాడిందా?"

"మాట్లాడిందమ్మా. ఈ సాయంత్రం ఆ లెక్కే మళ్ళీ చెప్పమంది."

"అయితే అమ్మాయి ఇంకా బండి దిగలేదు" అన్నారావిడ లేస్తూ. "మెల్లగా పోనియ్ నాయనా."