నీటికి పుట్టిన రాయి

వంకకు ఆ గట్టున నల్లరాతి గుండు కింద ఏదుపంది కాపురం. ఈ గట్టున నాపరాతి బండల సందులో నక్క కాపురం. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఏదుపంది నిండు చూలుతో ఉంది. వానల్లో పుట్టబోయే పిల్లలకు ఈ ఇల్లు భద్రమేనా అన్నదే దాని బెంగ.

ఆ బెంగ వాసన నక్కకు తగిలింది.

"వదినా, నీ ఇంటి కప్పు పుట్టుక తెలుసా?" అంది వచ్చి చతికిలబడుతూ.

"రాయికి పుట్టుకేంటి మరిదీ?"

"లేకేం? నేల కడుపులో గంజిలా కుతకుత ఉడికి, గడ్డకట్టి నల్లరాయి అయింది. అగ్గికి పుట్టిన బిడ్డ అది. కాలిన పెనం మీద నీళ్ళు పడితే ఏమవుతుంది?"

"చుయ్యిమంటుంది."

"పగిలి నీ పిల్లల నెత్తిన పడుతుంది. మా ఇంటి రాయి అలాంటిది కాదు. నీళ్ళ అడుగున ఒండ్రూ గవ్వల పొడీ పొరమీద పొర పేరుకుని గట్టిపడింది. నీటికి పుట్టిన బిడ్డ. వాన దానికి తల్లి. తల్లి బిడ్డను నొప్పిస్తుందా? నీకోసం ఇల్లు మార్చుకుంటాను. నాదేముంది, ఒంటికాయ శొంఠికొమ్మును."

ఏదుపంది బెంగ రెట్టింపైంది. మరిది మంచికే చెబుతున్నాడనిపించింది. అయినా చూడకుండా ఊ కొట్టడం దాని అలవాటు కాదు.

గుండు మీద ఎండ కాచుకుంటున్న ఉడుము కన్ను తెరవకుండానే అంది: "ఈ పెనం పొయ్యి దిగి ఎన్ని యుగాలైందో తల్లీ. మా తాతల గోళ్ళు అరిగింది దీనిమీదే. పోయి వాడి గోడలు చూడు."

ఏదుపంది నక్క వెంట వంక దాటి వెళ్ళింది. నక్క ఇంట్లో రాయి దొంతర పెట్టిన అట్లలా ఉంది. పొరకూ పొరకూ మధ్య సందులు. గోడ పొడవునా పాత బురద చార. పడుకునే గడ్డి మాత్రం ఎక్కడో పైనున్న అరుగు మీద.

"పక్క అంత ఎత్తున వేశావేం?"

"గాలికి వదినా, గాలికి."

ఏదుపందికి సంగతి అర్థమైంది. వాదం పెట్టుకోలేదు.

"ఇల్లు బంగారం మరిదీ. కానీ తల్లికి చెప్పకుండా ఇల్లు వదిలితే తప్పు కదా. తొలివానకు ఇక్కడే ఉండి ఆమె దీవెన తీసుకో. తెల్లారి మార్చుకుందాం."

నక్క గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. కాదంటే తన మాట తనే మింగాలి. తొలివాన అంటే నాలుగు చినుకులేగా అని తలూపింది.

ఆ సాయంత్రమే కుండపోత. నీళ్ళు పొరల్లోకి దూరాయి. ఒక పలక జారింది, దాని వెనకే ఇంకొకటి. వంక పొంగి ఇంట్లోకి వచ్చింది. నక్క ఎలాగో ఈదుకుంటూ వచ్చి, బురద ముద్దలా ఏదుపంది వాకిట్లో నిలబడింది. నల్లగుండు మాత్రం తలంటు పోసుకున్నట్టు నిగనిగలాడుతోంది.

"తల్లి గట్టిగానే హత్తుకున్నట్టుందే" అంది ఏదుపంది.

"సిగ్గు తియ్యకు వదినా. చలి."

ఏదుపంది పక్కకు జరిగి చోటిచ్చింది. "అటు రాయి, ఇటు నా ముళ్ళు. బుద్ధిగా ఉంటే వెచ్చగా ఉంటుంది. కదిలావో, గుచ్చుకుంటాయి."

పై సందులోంచి ఉడుము గొంతు వినిపించింది: "ఉండనీ తల్లీ. నేల లోతుల్లో బరువుకూ వేడికీ నలిగి నాపరాయే పాలరాయిగా మారుతుంది. వీడు మాత్రం మారడా?"

"మారేదాకా ముళ్ళు ముడవను మామా" అంది ఏదుపంది. నక్క తోక ముడుచుకుని రాతి వైపు ఒదిగింది.

నీతి: ఎదుటివాడికి మంచిదని చెప్పే ఇంట్లో, చెప్పినవాడు ముందు ఒక వాన కాపురం చెయ్యాలి.