పొడలమ్మ దాహం

వైశాఖం వచ్చేసరికి ఆ అడవిలో నీళ్లు రెండు చోట్లే మిగిలాయి. కొండ కింద లోతైన మడుగు ఒకటి, దాని నుంచి సన్నగా పారే ఇసుక వాగు ఒకటి. జంతువులన్నీ పొద్దెక్కగానే వాగుకు పోయి తాగి వస్తున్నాయి. పొడలమ్మ అనే దుప్పి మాత్రం ఇప్పచెట్టు కింద నుంచి కదలకుండా ఆకుల పసరు చీకుతూ కూర్చుంది.

రెండు నెలల కిందట మడుగు ఒడ్డున దాని పిల్లను మొసలి లాక్కుపోయింది. అదీ కళ్లముందే. అప్పటి నుంచి ఎండుటాకు గలగలమన్నా పొడలమ్మ డెక్క నేలకేసి కొట్టేది. దుప్పుల్లో ఒకరు డెక్క కొడితే మంద మొత్తం పరుగెత్తాల్సిందే, ఎందుకని అడగకూడదు. రోజుకు పదిసార్లు ఉత్తపుణ్యానికి పరుగెత్తి మందకు విసుగొచ్చింది. "నువ్వు జర కుదుటపడ్డంక రా" అని వదిలేసి పోయింది. కుదుటపడటం ఎలాగో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఆ సంగతి చెప్పడానికి నక్క వచ్చింది.

"కోడలా, నీ రోగానికి మందు నా దగ్గరుంది. ఇగో, ఉమ్మెత్తాకు. రెండు నమిలితే ఏదీ యాదికి రాదు."

పొడలమ్మ నమిలి మత్తుగా పడుకుంది. లేచేసరికి పిల్ల అరుపు మునుపటికంటే గట్టిగా వినబడింది.

"మామా, మళ్ల వినబడుతున్నది."

"ఇంకో రెండు నములు. వాగు దిక్కు మాత్రం పోకు. పోతే యాదికొస్తది."

మర్నాడు వాగు దారి కూడా తొక్కొద్దంది. ఆ మర్నాడు చెట్టు నీడే దాటొద్దంది. నక్క వద్దన్న ప్రతిసారీ పొడలమ్మకు ప్రాణం హాయిగా ఉండేది. దాని దౌర్భాగ్యం అదే. పక్కటెముకలు తేలాయి. నక్క వాటివైపే చూస్తూ పక్కన తీరిగ్గా కాళ్లు చాపుకునేది.

ఒకరోజు నక్క లేని సమయంలో తాబేలు అవ్వ ఆ దారిన వచ్చింది.

"నీళ్లు తాగి ఎన్ని దినాలైంది బిడ్డా?"

"మామ పోవద్దన్నడు."

"నువ్వు సస్తే నిన్ను ఎవరు తింటరో ఆలోచించినవా?"

పొడలమ్మ తల నేలకు వాల్చింది. ఆలోచించే ఓపిక కూడా లేదు.

"సరే, ఆ రోజు ఏమైందో చెప్పు."

"నాతోని కాదవ్వా."

"చెప్పగలిగినంతే చెప్పు. నేనెటూ ఉరికేదాన్ని కాదు గదా."

నక్క వేటకు పోయే వేళ చూసుకుని అవ్వ రోజూ వచ్చింది. మొదటిరోజు పొడలమ్మ "మడుగుకు పోయినం" అన్నదాకా చెప్పి ఆగిపోయింది. రెండోరోజు పిల్ల ముందు నడిచిందని చెప్పింది. మూడోరోజు అసలు మాట బయటపడింది.

"నేను ముందే చూసిన. నీళ్లల్ల రెండు కండ్లు చూసిన. డెక్క కొడితే పిల్ల ఉరికేది. నా కాలు లేవలేదవ్వా."

"ఎందుకు లేవలేదు?"

"బిగుసుకపోయింది."

"నాకు భయమైతే నా డొప్పలకు ముడుచుకపోత. కావాలని పోను, అదే అయితది. అది నీ తప్పు కాదు బిడ్డా."

పొడలమ్మ ఏడ్చింది. రెండు నెలల్లో అదే మొదటి ఏడుపు.

అప్పటి నుంచి ఇద్దరూ రోజూ తాబేలు నడకతో వాగువైపు కాస్త కాస్త దూరం నడిచారు. కాళ్లు వణికిన చోట ఆగడం, వణుకు తగ్గాకే వెనక్కి తిరగడం, అదీ పద్ధతి.

"మొసలి మడుగుల ఉంటది. వాగుల నీ మోకాలు గూడ మునగదు. నీ భయానికి ఆ తేడా తెల్వదు. నువ్వే చూపియ్యాలె" అనేది అవ్వ.

ఇలా నాలుగు రోజులు గడిచాయి. ఐదోరోజు పొడలమ్మ వాగు ఒడ్డుకు చేరింది. చాటు నుంచి చూసిన నక్కకు నోటికాడి కూడు పోతున్నట్టే అనిపించింది. చుట్టూ తిరిగి పోయి, మడుగు నుంచి వాగు మొదలయ్యే చోట రెల్లు పొదలో దూరి గలగలా ఊపింది. ఈసారి పారిపోతే తిరిగి రావడానికి పొడలమ్మ ఒంట్లో సత్తువ లేదు. ఆ సంగతి నక్కకూ తెలుసు.

పొడలమ్మ గిర్రున తిరిగింది.

"ఉరికే ముందు చూడు బిడ్డా" అంది అవ్వ.

చూసింది. రెల్లులో నక్క తోక కనిపించింది. దాని వెనక నీళ్లలో రెండు కళ్లు తేలాయి. పొడలమ్మ కాలు లేచింది. డెక్క నేలకేసి కొట్టింది, ఒకసారి కాదు, మూడుసార్లు.

"కోడలి పిచ్చి మళ్ల షురువైంది" అని నక్క నవ్వుకుంటూ ఇంకా గట్టిగా ఊపింది. ఆ మాట పూర్తయ్యీ కాకముందే మొసలి నోరు మూతపడింది. నీళ్లు కాసేపు ఎర్రబారి, మళ్లీ మామూలయ్యాయి.

పొడలమ్మ నాలుగు కాళ్లూ వణికాయి. పిల్ల అరుపు చెవుల్లో మోగింది. అయినా కదల్లేదు. వణుకుతూనే తల వంచి, తన ముందున్న, మోకాలైనా మునగని ఆ నీళ్లు కడుపునిండా తాగింది.

భయం పోయాక తాగుదామని కూర్చున్నవాళ్లు దాహంతో పోతారు, భయపడుతూనే తాగినవాళ్లు బతుకుతారు.