అసిరమ్మవ్వ వేసిన జడలు

అనగనగా, మీ అవ్వకి అవ్వ కూడా ఇంకా పుట్టని కాలంలో, మూడు కొండల అవతల గవ్వలపాడు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో మనుషులు కొందరు, దయ్యాలు బోలెడు.

నవ్వకండి, చెప్పేది వినండి. ఆ లోకంలో చచ్చిపోయినవాళ్ళు ఒక ఏరు దాటి అవతలికి పోవాలి. ఏరుంది, పడవుంది, నీళ్ళే ఉండవు. వెనక మిగిలినవాళ్ళు ఏడిస్తే ఆ కన్నీళ్ళే ఏటికి నీళ్ళు. ఏడ్చే దిక్కు లేకపోతే పడవ ఇసకలో కూరుకుపోయి ఉంటుంది. అలాంటివాళ్ళు అటు పోలేరు, ఇటు బతకలేరు. వాళ్ళే దయ్యాలు.

అందులో మూడు రకాలు. పిన్న వయసులో పోయినవి జుట్టు విరబోసుకు తిరిగేవి. చెప్పాల్సిన మాట నోట్లో ఉండగానే పోయినవి కొరివిదయ్యాలు, వాటి నోట్లో నిప్పు. దారిలో పోయినవాళ్ళకి పాదాలు వెనక్కి తిరిగి ఉండేవి, ఇంటివైపు చూస్తూ.

ఊరి చివర గుడిసెలో అసిరమ్మవ్వ ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక కొయ్యదువ్వెన, ఒక ఆముదం గిన్నె. తల్లులు పొలం పనికి పోతే ఊళ్ళో ఆడపిల్లలందరికీ ఆవిడే జడలు వేసేది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, తమ జడలు తామే వేసుకున్నారు. ఇంక అవ్వతో పనేముంది? మరిచిపోయారు.

అవ్వకి చావంటే భయం లేదు. ఒక్కటే బెంగ. "నాను పోతే ఎవరేడుస్తారు? నా పడవ కదుల్తాదా?" అని దువ్వెనతో చెప్పుకునేది. దువ్వెన ఏం చెప్తుంది పాపం!

ఒక సాయంత్రం అవ్వ గుమ్మంలో కూర్చుంది. అప్పటికే కళ్ళకి పొరలు కమ్మాయి. ఎదురుగా ఎవరో జుట్టు విరబోసుకుని నిలబడ్డారు.

"ఏటే పిల్లా, దీపాలెట్టే యేళ ఆ జుట్టేటి, దయ్యంలాగ! దా, కూకో."

దయ్యం తెల్లబోయింది. దాన్ని చూసి కేకలు పెట్టినవాళ్ళే గాని కూర్చోమన్నవాళ్ళు లేరు. వచ్చి కూర్చుంది. అవ్వ ఆముదం పెట్టి చిక్కు తీసింది.

"నొప్పి అవ్వా!"

"నొప్పెట్టకుండా సిక్కొస్తాదేటే? కదలకు." అవ్వ దాని నెత్తిన చిన్న మొట్టికాయ వేసింది. బిగించి జడ అల్లి, కొసన బంతిపువ్వు ముడిచింది.

మర్నాడు ఆ దయ్యం ఇంకోదాన్ని వెంటబెట్టుకొచ్చింది. దాని నోట్లో నిప్పు ఎర్రగా వెలుగుతోంది.

"ఏటే, సుట్ట కాల్సడం కూడా రాదా నీకు? నిప్పు బయటికెట్టుకుంటే కొంగంటుకుంటాది. నోపలికెట్టుకో. దా, కూకో."

కొరివిదయ్యం నిప్పు లోపలికి పెట్టుకుని నోరు మూసుకుంది. నోరు మూసుకుంటే ఎంత హాయో దానికప్పుడు తెలిసింది. ఆ సంగతి ఇప్పటికీ తెలియనివాళ్ళు మన చుట్టాల్లోనే ఉన్నారు, అది వేరే కథ.

ఆ మర్నాడు మూడోవాడొచ్చాడు. అవ్వ చేయి వాడి పాదాలకి తగిలింది.

"ఎంత దూరం నడిసావురా నాయినా, కాళ్ళిలాగ తిరిగిపోనాయి! దా, కూకో."

ఆముదం రాసి, బాలింత బిడ్డకి రాసినట్టు ఒత్తింది. పాదాలేం ముందుకి తిరగలేదు. కానీ వాడు మాత్రం చాలాసేపు లేవలేదు.

పాలు పోసే నూకాలు ఇదంతా దూరం నుంచి చూసింది. పొద్దున్నే పరిగెత్తుకొచ్చింది.

"అవ్వా, నీ దగ్గరికొచ్చేవి దయ్యాలే!"

"నాకు తెల్దేటే? కళ్ళు పోనాయి గాని సేతులు పోనేదు. సల్లటి తల, సల్లటి కాళ్ళు. అయితే ఏటి? దయ్యాలకి సిక్కులు పడవా?" అవ్వ నవ్వింది. "వాటికోసం ఎవరూ ఏడవనేదు. రేపు నాకోసమూ ఎవరూ ఏడవరు. ముందుగానే సావాసం సేసుకుంటన్నాను."

నూకాలు చెంబు తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళి పనిలో పడి మరిచిపోయింది. మనసు మంచిదే, కానీ మనిషి కదా.

ఒక మధ్యాహ్నం అసిరమ్మవ్వ గుమ్మంలో కూర్చునే పోయింది. సాయంత్రం మొదటి దయ్యం వచ్చి, రోజూలాగే వీపు తిప్పి కూర్చుంది.

"కూర్చున్నానవ్వా."

దువ్వెన కదల్లేదు.

ముగ్గురూ ఏడవబోయారు. దయ్యాల కళ్ళల్లో తడెక్కడిది? ఒక్క చుక్క రాలేదు. అక్కడ అవ్వ పడవ ఇసకలో ఉంది, ఇక్కడ వీళ్ళ కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. చివరికి ముగ్గురూ ఊళ్ళోకి నడిచారు.

ఊరంతా తలుపులు మూసుకుంది. చీపుళ్ళు లేచాయి, చెప్పులు లేచాయి. ఒక చెప్పు వచ్చి మొదటి దయ్యానికి తగిలింది. అయినా అవి కదల్లేదు.

"అసిరమ్మవ్వ పోయింది. మాకు కన్నీళ్ళు లేవు, మీకున్నాయి. ఆమెకోసం కొంచెం ఏడవండి."

తలుపు వెనక నుంచి ఎవరో అడిగారు. "ఆమెకి మీరేటవుతారు?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. మొదటిది అంది, "మేం ఆమె మనుషులం."

నూకాలు దీపం పట్టుకుని తలుపు ఓరగా తీసింది. దయ్యం వీపు మీద జడ కనిపించింది. నుదురు లాగేంత బిగువు, కొసన బంతిపువ్వు. చిన్నప్పుడు తన వీపు మీద ఉన్న జడే అది. చేయి దానంతటదే వెనక్కి వెళ్ళి తన జుట్టు తడుముకుంది.

"అవ్వా!" అని నూకాలు బావురుమంది.

పక్కింటి తలుపు తెరుచుకుంది, ఆ పక్కదీ తెరుచుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ గుడిసెకి పరిగెత్తారు. మరిచిపోయినందుకు సిగ్గుపడి ఏడ్చారు, గుర్తొచ్చినందుకు ఇంకా ఏడ్చారు. ఏరు నిండింది, పడవ తేలింది. ఎక్కి కూర్చున్న అసిరమ్మవ్వ ఒడ్డు మీద నిలబడ్డ ముగ్గుర్నీ చూసింది. అప్పటికి ఆవిడకి కళ్ళు బాగా కనిపిస్తున్నాయి.

"అక్కడే నిలబడిపోనారేటి? సోటుంది. దా, కూకో."

నలుగురూ వెళ్ళిపోయారు.

ఇప్పటికీ ఆ దేశంలో సాయంత్రం ఆడపిల్ల జుట్టు విరబోసుకుంటే దయ్యంలా ఉన్నావని ఎవరూ తిట్టరు. "దా, కూకో" అంటారు. ఎవరూ లేనివాళ్ళు పోతే, దారినపోయే ఆడవాళ్ళు కూడా తట్టలు దించి పక్కన కూర్చుని ఏడుస్తారు. కొత్తవాళ్ళెవరైనా "మీరేమవుతారు?" అని అడిగితే, కళ్ళు తుడుచుకోకుండానే చెప్తారు.

"మేం ఆమె మనుషులం."