రాతిపువ్వు నూనె

అనగనగా, మీ తాతల తాతలు కూడా పుట్టనంత అనగనగా, ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు నీలధ్వజుడు. వాడు పుట్టగానే తల్లి పోయింది. అన్నలు పలకరించరు. అంత పెద్ద కోటలో "తిన్నావా నాయనా?" అని అడిగే దిక్కు తండ్రి ఒక్కడే.

యుద్ధంలో ఆ రాజు కాలికి గాయమైంది. చీము పట్టింది, మానదు. "ఏడు సముద్రాల అవతల రాళ్లదీవిలో, బండల మీద పెచ్చుల్లా రాతిపువ్వు పెరుగుతుంది. అది తప్ప మందు లేదు" అని వైద్యులు చేతులెత్తేశారు.

పెద్దవాడు వెళ్లాడు. దీవిలో ఉండే కరాళుడనే ముసలి మాంత్రికుడు గోనెడు రాతిపువ్వు ఇచ్చి, "నీళ్లలో కాచి కడుగు" అన్నాడు. కాచి కడిగారు, పుండు మానలేదు. నడిమివాడు వెళ్లాడు, గోనెడు తెచ్చాడు. ఇంకా ఎక్కువసేపు కాచి కడిగారు, మానలేదు. నాన్న పోతే తనకు ఎవరూ మిగలరని చిన్నవాడికి దుఃఖం ముంచుకొచ్చింది. వాడూ బయలుదేరాడు.

తీరంలో వలలో చిక్కిన తాబేలును విడిపించాడు. అది వాణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"బాబూ, కరాళుడు చెప్పేది వినకు, చేసేది చూడు" అంది తాబేలు.

నీలధ్వజుడు బండ చాటున కూర్చున్నాడు. ఆ దీవిలో చెట్టూ లేదు, చేమా లేదు, పలకరించే మనిషీ లేడు. సాయంత్రం కరాళుడు ఒక చిలుకను ఒళ్లో పెట్టుకున్నాడు. గొలుసు ఒరుసుకుని దాని కాలు పుండైంది. కుండలో నూనె పోసి అందులో రాతిపువ్వు నానబెట్టి ఉంది. ఆ నూనె రాస్తూ, "తిన్నావా తల్లీ?" అన్నాడు.

నీళ్లలోకి దిగని మందు నూనెలోకి దిగుతుందన్నమాట! కరాళుడు గుహలోకి వెళ్లగానే నీలధ్వజుడు కుండనూ చిలుకనూ పట్టుకున్నాడు. కుండ చూస్తే ఏళ్లనాటిది, నూనె మాత్రం రాతిపువ్వు చలవతో నిన్న గానుగాడినంత కమ్మగా ఉంది.

"వాడి ప్రాణం నాలోనే ఉంది. నా మెడ నులిమితే వాడు పోతాడు" అంది చిలుక.

కరాళుడు పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు.

"మా నాన్న కాలు కుళ్లుతుంటే ఎందుకు అబద్ధం చెప్పావు?"

"మందు పనిచేస్తే మళ్లీ ఎవరొస్తారు నాయనా? నయం కాకపోతేనైనా ఇంకొకరు వస్తారు కదా అని..."

నీలధ్వజుడి పిడికిలి సడలింది. ఒంటరితనం వాడికి కొత్త కాదు. చిలుకను చంపలేదు, అలాగని వదిలేయనూ లేదు. "నాన్న కాలు మానేదాకా నా దగ్గరే ఉంటుంది" అని గొలుసు విప్పి, తాబేలెక్కాడు.

నూనె రాయగా రాయగా చీము ఆరింది, పుండు మానింది. రాజు లేచి నడిచాడు. అన్నలేమయ్యారంటారా? గోనెల్లో మిగిలిన రాతిపువ్వును ఇంకా కాస్తూనే ఉన్నారట!

ఆడిన మాట ప్రకారం నీలధ్వజుడు చిలుకను తీసుకుని మళ్లీ వెళ్లాడు. కరాళుడు ఒడ్డునే కూర్చుని ఉన్నాడు.

"మళ్లీ ఎవరికి పుండు?" అన్నాడు గాభరాగా.

"ఎవరికీ లేదు తాతా. నువ్వు తిన్నావా?"

ఆ మాటకు అంతటి మాంత్రికుడూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తరువాత నీలధ్వజుడు హేమలేఖ అనే రాకుమారిని పెళ్లాడి చాలాకాలం రాజ్యమేలాడు. పెళ్లిలో మొదటి విస్తరి ఆ తాతకే వేశారు.

అదిగో, మిమ్మల్ని తిన్నారా అని అడిగేవాళ్లు పిలుస్తున్నారు. కథ కంచికి పోతుందిలే, మీరు అన్నానికి పదండి.